నిదానపు కల్లుకు ప్రాజెక్టు రిపోర్టు

1986లో రోమ్ నడిబొడ్డున మెక్‌డొనాల్డ్స్ తెరుస్తుంటే కార్లో పెత్రీని, ఆయన మిత్రులు అడ్డం తిరిగారు. అక్కణ్నుంచి పుట్టిన స్లో ఫుడ్ ఉద్యమం నత్తను గుర్తుగా పెట్టుకుంది. ఆ నత్త పాకుతూ పాకుతూ నలభై ఏండ్లకు కోమళ్ల టోల్‌గేటు దాటింది. ఇప్పుడు జనగామ నుంచి ములుగు దాకా హైవే పక్కన నాలుగెకరాలున్న ప్రతివాడికీ ఒకటే కల. ఇటలీలో ద్రాక్షతోట నడుమ బల్లలేసి వైన్ పోసినట్టు ఇక్కడ తాటివనంలో నులకమంచాలేసి కల్లు పోయాలి, పక్కన సర్వపిండి పెట్టాలి, రామప్ప చూసి వచ్చేవాళ్ల దగ్గర తాపీగా బిల్లు వసూలు చేయాలి. ఆలోచన దివ్యం. పెట్టుబడిదారుల సౌకర్యార్థం కొన్ని సాంకేతిక వివరాలు సమర్పించుకుంటున్నాం.

ముందు సరుకు. వైన్ పీపాలో ఏండ్ల తరబడి కూర్చుంటుంది, యజమానీ కూర్చోవచ్చు. కల్లుకు అంత ఓపిక లేదు. లొట్టిలో చుక్క పడగానే పులవడం మొదలు; అడుగున నిన్నటి తడి ఉంటే అదే తోడు. పొద్దున దించింది తియ్యగా, మధ్యాహ్నానికి ఘాటుగా, సాయంత్రానికి పుల్లగా, ఆపైన వెనిగర్. కనుక మీ మెనూ కార్డు మీద సంవత్సరం వేయకండి, గంట వేయండి. సీసాలో పోసి బిరడా బిగించి, లేబులంటించి హన్మకొండకు పంపుదామనుకునే ఉత్సాహవంతులకు ఒక మనవి: లోపల గ్యాసు పుడుతూనే ఉంటుంది, సీసా డిక్కీలో పేలితే దాన్ని బ్రాండింగ్ ఖర్చులో రాసుకోలేరు. పులవకుండా నీరాగానే అమ్ముతామంటారా, కుండ లోపల సున్నం పూయాలి, తెల్లారకముందే దించాలి, చెట్టు కిందనే ఐసులో పెట్టాలి.

ఇక చెట్టు. తాటిటెంక ఇవాళ పాతితే గీతకు రావడానికి పదీ పదిహేనేండ్లు. ఏ బ్యాంకూ అన్నాళ్లు కిస్తీ ఆపదు కాబట్టి ఉన్న వనమే వెతుక్కోవాలి, ప్లాట్ల వెంచర్ వాళ్ల కన్ను పడకముందే. పోతుతాడు (మగ తాటిచెట్టు) గెలలను కట్టగట్టి, చెక్కల మధ్య కొన్నాళ్లు మెల్లగా నలిపితే గాని ధార రాదు. వచ్చాక రోజుకు రెండు పూటలా, కొన్నిచోట్ల మూడు పూటలా కొసను పల్చగా చెక్కాలి. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది, వరసగా మానేస్తే కోత ఎండి మూసుకుపోతుంది. ఈత సంగతి వేరు. అది చలికాలపు సరుకు. గీసేది గెలను కాదు, మొవ్వు కింద మెడను. ఈ ఏడు ఒక పక్క, మళ్లీ ఏడు రెండో పక్క. అందుకే పాత ఈతమాను మెట్లు మెట్లుగా వంకర్లు పోయి ఉంటుంది. గాట్లు లెక్కపెడితే ఎన్నేండ్లు గీశారో తెలుస్తుంది. దాని ముందు సెల్ఫీ మాత్రం ఉచితంగా ఇవ్వొచ్చు.

లెక్కలకు వద్దాం. ఒక గీత కార్మికుడు, 15 చెట్లు, 40 అడుగుల ఎత్తు, రెండు పూటలు అనుకుందాం. రోజుకు 1,200 అడుగులు ఎక్కాలి, అన్నీ దిగాలి. మోకు, గుజి, ముస్తాదు (ఎక్కే తాళ్లు, పనిముట్లు)తో ఐదుసార్లు కుతుబ్ మినార్ అన్నమాట. 2024లో సర్కారు పంచడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం మనిషిని పడకుండా ఆపుతుంది గాని అడుగులు తగ్గించదు. కింద మంచం మీద వాలిన అతిథి ‘ఇక్కడ టైం ఆగిపోయినట్టుంది’ అంటాడు. ఆగింది, అతనిది.

చెట్టుకు 4 లీటర్ల చొప్పున 60 లీటర్లు. ఆదివారం 200 మంది దిగి తలా లీటరు అడిగారు. మిగతా 140 ఎక్కడివి? మన రాష్ట్రంలో దీనికి ఎప్పుడో జవాబు దొరికింది: నల్లా నీళ్లు, శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం. చెట్టెక్కే పని లేదు, కాలంతో పని లేదు. అలవాటైనవాడు ఒక్కరోజు మానితే చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, మళ్లీ మీ గుమ్మంలోనే తేలతాడు. ఇంత నమ్మకమైన గిరాకీ ఏ మేనేజ్‌మెంట్ పాఠంలోనూ లేడు. వ్యాపారాన్ని స్కేల్ చేయమని సలహాలిచ్చే పెద్దలు ఈ దినుసుల పేర్లు కూడా స్లైడు మీద రాస్తే బాగుంటుంది.

వంటింట్లోనే నత్తకు కాస్త గౌరవం. సర్వపిండికి బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కారం, ఉల్లికాడలు కలిపి, గిన్నె లోపల నూనె రాసి, చేత్తో అద్ది, వేలితో బొక్కలు పెట్టి, బొక్కకో చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్నమంట మీద ఉంచాలి. మంట పెంచారా, అడుగు మాడుతుంది, పైన పచ్చిగానే ఉంటుంది. గిన్నె చల్లారితే గాని రెండోది అద్దలేరు, వేడి మీద అద్దబోతే చెయ్యి కాలుతుంది. వాయికి 20 నిమిషాలు, 6 గిన్నెలు, అంటే గంటకు 18. ఆ 200 మందికి 11 గంటలు. కోపగించినవారికి గోడ మీది నత్త బొమ్మ చూపించండి.

లైసెన్సు గీత సొసైటీకో, టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) కింద గీత కార్మికుడికో వస్తుంది. నాలుగెకరాలు కొన్నందుకు మీకు రాదు. కాబట్టి గౌడన్నతో బేరానికి కూర్చోక తప్పదు. 1708లో ఓరుగల్లు కోట మీద పడ్డ సర్వాయి పాపన్నదీ ఇదే కులం. రేటు మరీ తగ్గించి అడిగేముందు గుర్తుంచుకోండి.

అనుబంధంగా ఉద్యోగ ప్రకటన ముసాయిదా: గీత కార్మికుడు కావలెను. వయసు 25 లోపు, అనుభవం 15 ఏండ్లు. వాన పడ్డా ఎక్కాలి, ఆదివారం సెలవు లేదు. ఇంగ్లిష్ వస్తే మధ్యాహ్నం అతిథులకు తాటిచెట్టు చరిత్ర చెప్పే అవకాశం కలదు. దానికి వేరే జీతం లేదు.