చికిత్సకు పంపమని సెక్షన్ ఉంది, పంపడానికి చోటేది?

2024 వేసవిలో మా కోర్టు వరండాలో ఒక తల్లి అడిగిన ప్రశ్నకు పద్నాలుగేళ్ల ప్రాక్టీసు ఉన్న నేను జవాబు చెప్పలేకపోయాను. ఆమె కొడుకు సెంట్రింగ్ పనికి వెళ్లే ఇరవై ఏళ్ల యువకుడు. జేబులో రెండు గంజాయి పొట్లాలతో పట్టుబడ్డాడు. బెయిలు మంజూరైనా జామీను ఉండేవారు దొరక్క మరో పది రోజులు జైలులోనే గడిపాడు. “సారూ, బెయిలైతే వచ్చింది. ఇగ వీణ్ణి ఎటు తోల్కపోవాలె?” అని ఆమె అడిగింది. ఇంటికి తీసుకువెళితే సాయంత్రానికి మళ్లీ ఆ స్నేహితుల దగ్గరే ఉంటాడని ఆమెకు తెలుసు.

నిజానికి ఆమె ప్రశ్నకు చట్టం ఏనాడో జవాబు రాసి పెట్టింది. మత్తుకు బానిసైన వ్యక్తి సేవించిన నేరంలోగాని, చిన్న పరిమాణానికి సంబంధించిన నేరంలోగాని దోషిగా తేలినప్పుడు, న్యాయస్థానం అతని వయసు, నడవడి, ఆరోగ్యం చూసి, అతని సమ్మతితో, వెంటనే జైలుకు పంపకుండా ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలోనో చికిత్స పొందడానికి బాండు మీద విడుదల చేయవచ్చునని మత్తు పదార్థాల నేరాలకు సంబంధించిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 39వ సెక్షన్ చెబుతోంది. తనంతట తానుగా చికిత్సకు వచ్చి దానిని పూర్తిచేసిన వ్యక్తికి 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచే మినహాయింపు ఇస్తుంది. గంజాయికి చిన్న పరిమాణమంటే కిలో వరకు. కాబట్టి మన బస్తీలలో పట్టుబడే కుర్రవాళ్లలో చాలామంది ఈ లెక్కలోకే వస్తారు.

అయినా నేను చూసిన చిన్న కేసులలో ఎక్కువ భాగం నేరం ఒప్పుకొని జరిమానా కట్టడంతోనే ముగిశాయి. ముద్దాయికి తొందర, వకీళ్లమైన మాకు అంతకంటే తొందర. ఇన్నేళ్లలో 39వ సెక్షన్ కింద నేను వేసిన పిటిషన్లు రెండే రెండని సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఈ సెక్షన్ దోషిగా తేలిన తరువాతే పనికివస్తుంది. జైలు మాత్రం అంతకు ముందే, రిమాండు రూపంలో వచ్చేస్తుంది. 2022 చివరికి దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణ ఖైదీలేనని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక చెబుతోంది.

చికిత్స అంటే వదిలేయడమేనని, భయం పోతుందని మా బార్ అసోసియేషన్‌లోనే వాదించేవారున్నారు. ఈ సెక్షన్ కింద బయటికి వచ్చిన వ్యక్తి ఏడాదికి మించని గడువులో చికిత్స ఫలితంపై కోర్టుకు నివేదిక ఇవ్వాలి, ఆలోపు మత్తు ముట్టకూడదు, తప్పితే శిక్ష ఎలాగూ తలమీదే ఉంటుంది. మూడు వారాల రిమాండుకు మించిన కట్టడి ఇదే. అమ్మేవాడి సంగతి వేరు, అతడికి ఈ వెసులుబాటు కావాలని నేను అనడం లేదు.

అయితే చికిత్స పేరుతో ఇంకో జైలు తెరిచినా నాకు అభ్యంతరమే. ఆ తల్లి అప్పు చేసి కొడుకును ఊరి చివర ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్పించింది. ఇనుప గేటుకు బయటివైపు తాళం, మొదటి 21 రోజులు ఫోను లేదు, తల్లి వెళ్లినా చూపించలేదు. వ్యసనాన్ని మానసిక అనారోగ్యంగా లెక్కించిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగికి సమాజంలో, నలుగురి మధ్య ఉండి కోలుకునే హక్కునిచ్చింది. రెండు నెలల తరువాత బయటికి వచ్చిన ఆ కుర్రవాడు మూడో వారానికి మళ్లీ పాత దారి పట్టాడు.

పంజాబ్‌లో 2017 అక్టోబరు నుంచి ఓపియాయిడ్ (నల్లమందు, హెరాయిన్ వంటివి) వ్యసనానికి అవుట్ పేషెంట్ క్లినిక్కులు నడుపుతున్నారు. మనిషి ఇంటి దగ్గరే ఉంటాడు, పనికి వెళతాడు, క్లినిక్కుకు వచ్చి బుప్రెనార్ఫిన్, నలోక్సోన్ కలిసిన మాత్ర తీసుకుంటాడు. గంజాయికి అటువంటి మాత్ర లేదు. వారం వారం కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సిలర్, నిద్ర పట్టని రోజులకు ఒక డాక్టరు, కబురు తెలుసుకోవడానికి ఇంటికి వచ్చే మనిషి ఉంటే చాలు. జైలులో బ్యారక్ కట్టడం కంటే ఇది ఖరీదైన పని కాదు. కేంద్రం ఎయిమ్స్ చేత చేయించి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం, నిషేధిత మత్తు పదార్థాలపై ఆధారపడినవారిలో ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది ఇరవై మందిలో ఒక్కరే.

నా రెండవ పిటిషన్ ఆ కుర్రవాడిదే. దానిని చదివి మేజిస్ట్రేట్ గారు “ఏ ఆసుపత్రికి పంపమంటారు?” అని అడిగారు. మా జిల్లా ఆసుపత్రిలో కౌన్సిలర్ పోస్టు ఖాళీగా ఉండడంతో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం పేరు చెప్పాను. అది బస్సులో మూడు గంటల ప్రయాణం. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన మహాలక్ష్మి పథకంలో తల్లికి టికెట్టు ఖర్చు లేదు, కొడుకుకు ఉంది, ఆ రోజు కూలి ఇద్దరికీ పోతుంది. నివేదిక దాఖలుకు వాయిదా వచ్చే నెలలో ఉంది. నా ఫైలులో ఆరు ఓపీ చీటీలున్నాయి, చివరిది మార్చి నాటిది.