చందా చదవొచ్చు, బెంగ పాడకూడదా?

రాత్రి మా చవితి పందిట్లో జరిగింది ఇక్కడ కక్కకపోతే నాకు నిద్ర పట్టదు. రాజోలు దగ్గర ఊరు మాది. ఇంటర్ చదివే పిల్ల ఒకతి గిటార్ పట్టుకుని తను రాసుకున్న పాట ఎత్తుకుంది. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. ఫోన్లో అమ్మ "అన్నం తిన్నావా" అని తప్ప ఇంకేమీ అడగదని, తనూ "తిన్నాను" అని తప్ప ఇంకేమీ చెప్పదని పాట. రెండో చరణంలోనే కమిటీ పెద్దాయన మైకు లాక్కున్నాడు. "ఇంటి గుట్టు స్టేజి మీద ఎందుకమ్మా, ఏదన్నా హుషారైంది పాడు." జనం నవ్వారు. వెంటనే డీజే.

ఏవండీ పెద్దాయనా, కాసేపటి ముందు అదే మైకులో వాళ్లమ్మ పంపిన చందా పేరు పెట్టి చదివారు కదా? "కువైట్ నుంచి" అని ఒత్తి మరీ చదివారు. అప్పుడు గుట్టు గుర్తు రాలేదా? కోనసీమలో సగం పందిళ్లకి లైట్లు గల్ఫ్ డబ్బుతోనే వెలుగుతాయి. డబ్బు స్టేజి ఎక్కొచ్చు గానీ దాని వెనక బెంగ ఎక్కకూడదు. ఆయ్, బాగుంది.

కెనడా గాయని జోనీ మిచెల్ ఎవరో ఆయనకి తెలీదు, తెలియక్కర్లేదు కూడా. కానీ ఆవిడకి ఈ పెద్దాయన బాగా తెలుసు. 1971లో 'బ్లూ' ఆల్బమ్ వచ్చినప్పుడు తోటి గాయకుడు క్రిస్ క్రిస్టాఫర్సన్ కూడా, కొంచెం నీ దగ్గరే ఉంచుకోవచ్చుగా అన్నట్టు మాట్లాడాడని ఆవిడే చెప్పింది. అంతగా దాచుకోవాల్సింది ఏముంది అందులో? పెళ్లి కాకుండా 1965లో కన్న కూతురు, పెంచే దారి లేక దత్తతకి ఇచ్చేసిన కూతురు. ఆ పిల్ల మీదే 'లిటిల్ గ్రీన్' పాట. విన్నవాళ్లకి చాలా ఏళ్ల దాకా అది ఎవరి గురించో తెలీనే లేదు. తల్లీకూతుళ్లు మళ్లీ కలిసింది 1997లో. ఆల్బమ్‌లో గిటార్, పియానో, డల్సిమర్ అనే తీగల వాయిద్యం, ఆ గొంతు. చాలా పాటల్లో ఇంకేమీ ఉండదు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమచెయ్యి బలం తగ్గితే, తీగల్ని తన చేతికి తగ్గట్టు వేరేగా శ్రుతి చేసుకుంది. మా కమిటీ ఉంటే "ముందు శ్రుతి నేర్చుకురా" అనేది. 2020లో రోలింగ్ స్టోన్ పత్రిక ఎప్పటికీ గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో 'బ్లూ'ని మూడో స్థానంలో పెట్టింది. గుట్టు బయటపెట్టినందుకు శిక్ష అన్నమాట.

మనకి ఏడుపు పడదా అంటే, భేషుగ్గా పడుతుంది. పిఠాపురం దగ్గర పుట్టిన కృష్ణశాస్త్రి గారు దుఃఖిస్తే భావకవిత్వం, పాఠ్యపుస్తకం. నాకూ ఇష్టమే, కాదనను. అదే దుఃఖం ఇంటర్ పిల్ల గొంతులోంచి వస్తే ఇంటి గుట్టు. కనీసం చరణం పూర్తవనివ్వలేదు, అదీ నా మంట.

అసలు నా కడుపుమంట ఈనాటిది కాదు. మా నానమ్మ ఊడుపుల్లో పాటలు కట్టేది. ఎవరివో కాదు, తనవి. తాగొచ్చి కొట్టే తాత, ప్రసవంలో పోయిన కూతురు, కాలవ గట్టు మీద అమ్మేసిన గేదె, అన్నీ పేర్లతో సహా ఉండేవి. ఒకసారి పెద్ద చదువులాయన టేప్ రికార్డర్‌తో వచ్చాడు. మా ఇంట్లో పులస పులుసు కూడా తిన్నాడు. పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆయన పేరు. లోపల మా నానమ్మ పాట కింద "జానపద గేయం, కర్త తెలియదు" అని. తెలియకపోవడమేంటయ్యా, ఎదురుగా కూర్చుని ఆవిడ చేత్తోనే వడ్డించుకున్నావు కదా! పైగా పాటలోంచి తాత పేరు తీసేసి "మగడు" అని మార్చాడు. కొట్టినవాడి పరువూ కాపాడాడు, కట్టినావిడ పేరూ మింగాడు. క్యాసెట్ అయినా ఇమ్మని మా బాబాయి ఉత్తరాలు రాశాడు. జవాబు లేదు. ఆయన ఇప్పటికీ సభల్లో జానపదానికి కర్త ఉండడని ఉపన్యాసాలు ఇస్తున్నాడు, శాలువాలు కప్పించుకుంటున్నాడు.