నగదు పోయింది, జిరాక్స్ మిగిలింది

2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయిన మూడు వారాలకు, డిసెంబరు 1న, కేంద్ర మానవ వనరుల శాఖ ‘విత్తీయ సాక్షరతా అభియాన్’ను ప్రారంభించి, విద్యార్థులూ అధ్యాపకులూ ఇంట్లోవాళ్లకూ వీధి వ్యాపారులకూ నగదు రహిత చెల్లింపులు నేర్పాలని కోరింది. మా విశ్వవిద్యాలయం గేటు ముందు బజ్జీల బండాయన ఆ పాఠం ఎప్పుడో ఒంటబట్టించుకుని మూకుడు పక్కన క్యూఆర్ కోడ్ వేలాడదీశాడు. విశ్వవిద్యాలయం అంత తొందరపడదు కదా! ముందు సంఘం వేసి, దాని నివేదికను పరిశీలించడానికి ఉపసంఘం వేసి, ఎట్టకేలకు ఈ ఏడాది నుంచి ఏ సెక్షన్‌లోనూ రూపాయి నగదు ముట్టబోమని సర్క్యులర్ విడుదల చేసింది.

ఫలితం అమోఘం. విద్యార్థి పరీక్ష ఫీజును ఫోన్‌లో అరనిమిషంలో కట్టేసి, ఆ రసీదును జిరాక్స్ షాపులో మూడు ప్రతులు తీయించి, హెడ్‌గారి సంతకం చేయించుకుని, డిపార్ట్‌మెంటుకొకటి, పరీక్షల విభాగానికొకటి, అకౌంట్స్‌కొకటి సమర్పిస్తే చాలు. అక్కడ గుమస్తాగారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, మసకగా పడ్డ పన్నెండంకెల యూపీఐ నంబరును కాగితం కళ్లకు ఆనించుకుని చదువుతూ, “బాబూ, ఇది మూడా, ఎనిమిదా?” అని విచారించి, స్కేలుతో గళ్లు గీసిన రిజిస్టరులో ఎక్కిస్తారు. ఆ రిజిస్టరు చూసి పక్క సీటాయన అదే నంబరును మళ్లీ కంప్యూటరులో కొడతారు. పాత బ్యాంకు చలానాకూ మూడు ప్రతులే ఉండేవి కనుక సంప్రదాయానికి ఎక్కడా భంగం రాలేదు. క్యూ బ్యాంకు ముందు నుంచి జిరాక్స్ షాపు ముందుకు మారింది, అంతే. ఆ షాపాయన సంఘంలో సభ్యుడని గిట్టనివాళ్లు అంటారు గాని, నేను నమ్మను.

విద్యాసంస్థలకు యూపీఐలో ఒక్కసారే 5 లక్షల దాకా కట్టవచ్చని రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులో ప్రకటించింది. మా సర్వర్ మాత్రం ఆఖరు తేదీ సాయంత్రం, హాజరు తగ్గినందుకు కట్టే కండోనేషన్ ఫీజుకే సొమ్మసిల్లుతుంది. ఖాతాలో డబ్బు పోతుంది, రసీదు రాదు. రసీదు లేనిదే హాల్‌టికెట్ ఇవ్వరు కనుక, విద్యార్థి బుద్ధిగా రెండోసారి కడతాడు. మొదటిసారి కట్టింది వెనక్కి కావాలంటే బ్యాంకు మేనేజరు ముద్ర వేసిన స్టేట్‌మెంటు జతచేసి రిజిస్ట్రార్‌గారికి అర్జీ పెట్టుకోవాలి. దానికి నామమాత్రపు రుసుము ఉంది. అది కూడా ఆన్‌లైన్‌లోనే కట్టి, రసీదు మూడు ప్రతులు తేవాలి.