డిసెంబర్ 31: తేదీ నిజం, క్రియాపదం అబద్ధం

ఏటా క్రిస్మస్ వెళ్ళిన మర్నాటి నుంచి మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. పైన ‘డిసెంబర్ 31: ప్రపంచ చరిత్రను మార్చిన రోజు’ అని ఉంటుంది. కింద ‘ప్రతి భారతీయుడూ చదవాలి, పదిమందికి పంపాలి’ అని చేతులు జోడించిన బొమ్మ. మధ్యలో డజనుకు అటూ ఇటూగా వాక్యాలు. ఈసారి దాన్ని పంపినది మా పెదనాన్నగారు. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. సర్వే నంబరులో ఒక్క అంకె తేడా కనిపించినా ఫైలు వెనక్కి తిప్పి పంపేవారని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతటి ఆయన చేతి మీదుగా వచ్చింది కదా అని, ఏటా చేసినట్టు చూడకుండా తుడిచేయకుండా, ఒక్కో వాక్యం పట్టుకుని కూర్చున్నాను.

ఆశ్చర్యమేమిటంటే తేదీలు దాదాపు అన్నీ సరైనవే. తప్పంతా క్రియాపదంలో ఉంది. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది. సంవత్సరం, తేదీ, పేరు అన్నీ నిజమేనని తల ఊపుకుంటూ వచ్చినవాడు చివరి మాట దగ్గర ఆగి ఆలోచించడు. సందేశం బతుకుతున్నది ఆ ఊపు మీదే.

‘1600 డిసెంబర్ 31న ఈస్టిండియా కంపెనీ భారతదేశంలో అడుగుపెట్టింది. ఆ రోజుతో మన బానిసత్వం మొదలైంది.’

ఆ రోజు ఎవరూ ఎక్కడా అడుగుపెట్టలేదు. లండన్‌లో మొదటి ఎలిజబెత్ రాణి కొందరు వర్తకులకు ఒక పత్రం ఇచ్చింది. కంబర్లాండ్ ప్రభువుతో పాటు రెండు వందలకు పైగా మదుపరుల పేర్లు అందులో ఉన్నాయి. గుడ్ హోప్ అగ్రానికి తూర్పున, మెజెల్లాన్ జలసంధికి పశ్చిమాన ఉన్న దేశాలతో 15 ఏళ్ళ పాటు వీళ్ళు తప్ప ఇంకో ఇంగ్లీషువాడు వ్యాపారం చేయకూడదన్నది దాని సారం. రాజ్యమేలడం గురించి కాదు, మిరియాల గురించి. 1601లో జేమ్స్ లాంకాస్టర్ నాయకత్వంలో బయలుదేరిన మొదటి నాలుగు ఓడలు మన దేశానికి రానే లేదు. సుమత్రాలోని అచేకూ, జావాలోని బాంటెన్‌కూ పోయాయి. విలియం హాకిన్స్ ఎక్కిన హెక్టర్ అనే ఓడ సూరత్ చేరినది 1608 ఆగస్టులో. అంటే ‘అడుగుపెట్టింది’ అన్న క్రియకు ఇంకా దాదాపు ఎనిమిదేళ్ళు పట్టింది.

బందరువాణ్ణి కాబట్టి నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అడుగుపెట్టిన కథ చెప్పాలనుకుంటే, ప్రతి భారతీయుడి పేరు ఎత్తి మరీ చెప్పాలనుకుంటే, 1611లో గ్లోబ్ అనే ఓడ మా రేవుకు వచ్చిన సంగతి ఎందుకు చెప్పరు? కంపెనీ తరఫున అందులో వ్యాపారం చూసినవాళ్ళు ఫ్లోరిస్, ఆంథనిస్ అనే ఇద్దరు డచ్చివాళ్ళు. ముందు పులికాట్‌లో దిగబోతే అక్కడ అప్పటికే పాతుకున్న డచ్చి కంపెనీ వాళ్ళే కాలు మోపనివ్వలేదు. సొంత దేశస్థులే పొమ్మంటే, పైకి వచ్చి నిజాంపట్నం దగ్గర ఆగి, ఆ తర్వాత మచిలీపట్నంలో కొట్టు తెరిచారు. అప్పుడు గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఏలుబడి. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ‘బంగారు ఫర్మానా’ ఇచ్చాక గోల్కొండ రేవుల్లో ఏడాదికి 500 పగోడాలు (అప్పటి బంగారు నాణేలు) కట్టి వర్తకం చేసుకునే వీలు దొరికింది. పన్ను కట్టి, అనుమతి అడిగి, గుమ్మం ముందు నిలబడిన జనం వాళ్ళు. ఈ చరిత్ర చదవడానికి పుస్తకం కూడా అక్కరలేదు. బందరులో ఆటో ఎక్కితే చాలు: ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచివాళ్ళ పరాసుపేట, డచ్చివాళ్ళ వలందపాలెం. ముగ్గురు బేరగాళ్ళ చిరునామాలు ఇప్పటికీ పోస్టుమాన్ సంచిలో ఉన్నాయి.

ఇక బానిసత్వం మాట. ప్లాసీ యుద్ధం 1757లో. బెంగాల్‌లో శిస్తు వసూలు అధికారం కంపెనీ చేతికి వచ్చినది 1765లో. ఉత్తర సర్కారుల మీద, అంటే మన కోస్తా జిల్లాల మీద, మొగలు చక్రవర్తి ఫర్మానా కూడా ఆ ఏడాదే, నిజాముతో ఒప్పందం ఆ మరుసటి ఏడాది. పత్రానికీ పాలనకూ మధ్య 150 ఏళ్ళకు పైగా ఉంది. ఆ నడిమి కాలంలో జరిగిన కుట్రలు, అప్పులు, నవాబుల వారసత్వ తగాదాలు, దుబాసీల దళారీతనం అన్నీ ఒక్క తేదీ కింద తొక్కేస్తే, అదంతా రాణిగారి సంతకంతో జరిగిపోయినట్టు అవుతుంది. మనవాళ్ళు చేసిన పనులన్నీ హాయిగా మాయమవుతాయి.

ఇంకో తమాషా ఉంది. ‘సంవత్సరం చివరి రోజున ముహూర్తం చూసి మరీ ఇచ్చిన పత్రం’ అని సందేశంలో బ్రాకెట్లో రాశారు. అప్పట్లో ఇంగ్లండులో చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మొదలయ్యేది మార్చి 25న. వాళ్ళ 1600వ సంవత్సరం ముగియడానికి డిసెంబర్ 31 నాటికి ఇంకా పన్నెండు వారాలు ఉంది. పైగా వాళ్ళు అప్పటికి పాత జూలియన్ క్యాలెండరులోనే ఉన్నారు. ఇప్పుడు మనం గోడకు తగిలించుకునే క్యాలెండరు లెక్కన ఆ రోజు 1601 జనవరి 10. రెండు మార్పులూ ఇంగ్లండుకు 1752లో వచ్చాయి. ఆ లెక్కన సంక్రాంతి సందేశాల్లో చేర్చుకున్నా అభ్యంతరం ఉండదు.

‘1802 డిసెంబర్ 31న మరాఠా సామ్రాజ్యం అంతరించింది.’

వసాయిలో, ఇంగ్లీషువాళ్ళు బస్సేన్ అన్న ఊళ్ళో, రెండో బాజీరావు పీష్వా కంపెనీతో సంధి చేసుకున్నాడు. అక్టోబరులో పుణె దగ్గర హోల్కర్ చేతిలో ఓడి పారిపోయి వచ్చినవాడు, గద్దె తిరిగి దక్కితే చాలని కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో పోషించడానికి ఒప్పుకున్నాడు. అంతరించలేదు, తాకట్టు పడింది. మిగతా మరాఠా సర్దార్లలో సింధియా, భోంస్లే ఆ సంధిని ఒప్పుకోక మరుసటి ఏడాదే యుద్ధానికి దిగారు. పీష్వా పదవి పోయినది 1818లో.

‘1879 డిసెంబర్ 31న ఎడిసన్ బల్బు కనిపెట్టాడు. అంతవరకు లోకమంతా చీకటి.’

ఎడిసన్ ఆ రోజు కనిపెట్టలేదు, చూపించాడు. న్యూజెర్సీలోని మెన్లో పార్కులో తన ప్రయోగశాలను, వీధిని దీపాలతో వెలిగించి జనాన్ని రమ్మన్నాడు. రైలు కంపెనీ ప్రత్యేక రైళ్ళు వేసింది. బొగ్గుగా మార్చిన నూలు దారంతో చేసిన దీపం పదమూడు గంటలకు పైగా వెలిగినది అక్టోబరులో. పేటెంటుకు దరఖాస్తు నవంబరు 4న. పేటెంటు చేతికొచ్చినది 1880 జనవరిలో. ఆయనకంటే ముందే, అదే 1879 ఫిబ్రవరిలో, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జోసెఫ్ స్వాన్ సభ పెట్టి కర్బన తీగ దీపం వెలిగించాడు. తర్వాత ఇద్దరూ కలిసి బ్రిటన్‌లో ఒకే కంపెనీ పెట్టుకున్నారు. ఎడిసన్ గొప్పతనం గాజుబుడ్డిలో కంటే దాని వెనకున్న డైనమో, తీగలు, మీటరు, ఇంటింటికీ కరెంటు అమ్మే పద్ధతిలో ఎక్కువ ఉందని నా అభిప్రాయం. ఆ ఏర్పాటుకు తగిన తేదీ కావాలంటే న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం మొదలైన 1882 సెప్టెంబరు 4 ఉంది. అది ఏ ఏడాదికీ చివరి రోజు కాదు కాబట్టి ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

‘1929 డిసెంబర్ 31 అర్ధరాత్రి రావి నది ఒడ్డున నెహ్రూ మన జాతీయ జెండా ఎగరేసి పూర్ణ స్వరాజ్య ప్రమాణం చేయించాడు. అందుకే జనవరి 26 గణతంత్ర దినం.’

మొత్తం సందేశంలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన వాక్యం ఇది. సగం నిజం, సగం తొందర. లాహోర్ కాంగ్రెస్‌లో పూర్ణ స్వరాజ్యమే లక్ష్యమని తీర్మానం నెగ్గింది నిజం. అర్ధరాత్రి రావి ఒడ్డున జెండా ఎగిరింది నిజం. కానీ అది ఇప్పుడు మనం వందనం చేసే జెండా కాదు. పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, కింద ఎరుపు, మీద రాట్నం. కాషాయం లేదు, చక్రం లేదు. దాని పుట్టుక లాహోర్‌లో కాదు, బెజవాడలో. 1921లో అక్కడ కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్య ఎరుపు, ఆకుపచ్చ రంగులతో నమూనా గాంధీకి ఇచ్చారు. తెల్లరంగు ఆ తర్వాత గాంధీ సూచన మీద చేరింది. వెంకయ్యగారిది మా బందరు పక్కనే ఉన్న భట్లపెనుమర్రు. ఎరుపు స్థానంలో కాషాయం 1931లో వచ్చింది. ఆ ఏడాది జెండా సంగతి పరిశీలించడానికి వేసిన ఏడుగురు సభ్యుల సంఘానికి కన్వీనరు, బందరులో వైద్యం మానేసి ఉద్యమంలోకి దిగిన పట్టాభి సీతారామయ్య. రాట్నం పోయి అశోక చక్రం వచ్చినది 1947 జూలై 22న. నదిని, నెహ్రూను, అర్ధరాత్రిని గుర్తుపెట్టుకున్న సందేశం, గుడ్డ మీద రంగులు మాత్రం చూడలేదు.

ప్రమాణం సంగతీ అంతే. జనవరి 26న స్వాతంత్ర్య దినం జరపాలని వర్కింగ్ కమిటీ నిర్ణయించినది 1930 జనవరి 2న. జనవరి 26 ఆ నెలలో చివరి ఆదివారం. ఊరూరా జనం నిలబడి ప్రతిజ్ఞ చదివినది ఆ రోజున. రాజ్యాంగ సభ 1949 నవంబరు 26నే రాజ్యాంగాన్ని ఆమోదించినా, అమలుకు ఆ పాత ఆదివారపు తేదీ కోసం రెండు నెలలు ఆగారు. ‘అందుకే’ అన్న మాట తప్పు కాదు. దూకిన మెట్లే ఎక్కువ.

‘1984 డిసెంబర్ 31న రాజీవ్ గాంధీ తొలిసారి ప్రధాని అయ్యారు.’

తొలిసారి అక్టోబరు 31న, తల్లి హత్య జరిగిన రోజు సాయంత్రమే. డిసెంబర్ 31న ఎన్నికల్లో గెలిచి మళ్ళీ ప్రమాణం చేశారు. ముప్పై ఒకటి అన్న అంకె రెండింటికీ ఉండటంతో ఎవరో నెల కలిపేసుకున్నట్టున్నారు. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ 400 దాటినా, 30 స్థానాలతో లోక్‌సభలో రెండో పెద్ద పార్టీగా తెలుగుదేశం నిలిచిన మాట మన భాషలో తిరిగే సందేశంలో కూడా లేకపోవడం చూస్తే, ఇది ఏ భాష నుంచి దిగుమతి అయిందో తెలిసిపోతుంది.

‘1988 డిసెంబర్ 31న భారత్, పాకిస్థాన్ అణ్వాయుధాలు వాడబోమని ఒప్పందం చేసుకున్నాయి.’

అలాంటి ఒప్పందం లేదు. ఇస్లామాబాదులో సంతకమైనది, ఒకరి అణు కేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదన్నది. ఆయుధాల గురించి కాదు, రియాక్టర్లు, ఇంధన కర్మాగారాల గురించి. 1991 జనవరిలో అమల్లోకి వచ్చింది. 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. 1998 మేలో ఇద్దరూ పరీక్షలు చేసిన తర్వాత కూడా ఈ పని ఆగలేదు. అబద్ధం కంటే అసలు సంగతే ఆసక్తికరంగా ఉంది కదా, దాన్నే రాసి ఉండొచ్చు.

‘1999 డిసెంబర్ 31తో 20వ శతాబ్దం ముగిసింది. ఆ రోజే కమాండోలు కాందహార్ బందీలను విడిపించారు.’

శతాబ్దం 2000 డిసెంబర్ 31తో ముగిసింది. క్రీస్తు శకంలో సున్నా సంవత్సరం లేదు, లెక్క ఒకటితో మొదలైంది. నూరు కొబ్బరికాయలు లెక్కపెట్టేవాడు తొంభై తొమ్మిదో కాయ దగ్గర మూట కట్టడు. హైజాకర్లు మన విమానాన్ని తీసుకుపోయి నిలిపిన కాందహార్‌లో కమాండోల దాడి జరగలేదు. మసూద్ అజహర్‌తో సహా ముగ్గురిని జైలు నుంచి వదిలి, విదేశాంగ మంత్రి జస్వంత్ సింగ్ వెంట వెళ్ళగా ప్రయాణికులను తెచ్చుకున్నాం. అదే రోజు యెల్త్‌సిన్ దిగిపోయి పుతిన్ తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు, పనామా కాలువ పనామా చేతికి వచ్చింది. ఈ రెండూ సందేశంలో ఉన్నాయి, సరిగ్గానే ఉన్నాయి.

చివరిది పుట్టినరోజుల జాబితా. ‘ఈ రోజు పుట్టినవారు లోకాన్ని ఏలతారు’ అని శీర్షిక. కార్న్‌వాలిస్ పేరు పక్కన ‘టిప్పును చంపినవాడు’ అని ఉంది. 1738లో ఇదే తేదీన పుట్టాడు, 1792లో టిప్పును ఓడించి సగం రాజ్యం రాయించుకున్నాడు. కానీ 1799లో శ్రీరంగపట్నం కోటలో టిప్పు చనిపోయేనాటికి కార్న్‌వాలిస్ మన దేశంలోనే లేడు. లోకాన్ని ఏలడం మాటకొస్తే, అమెరికాలో యార్క్‌టౌన్ దగ్గర 1781లో లొంగిపోయిన సేనాని కూడా ఈయనే. చిత్రకారుడు మాతిస్, నటులు ఆంథనీ హాప్కిన్స్, బెన్ కింగ్‌స్లీ, ఫుట్‌బాల్ శిక్షకుడు ఫెర్గూసన్ తేదీలు సరిగ్గా ఉన్నాయి. తెరపై గాంధీ పాత్ర వేసిన కింగ్‌స్లీకి తల్లిదండ్రులు పెట్టిన పేరు కృష్ణ భాంజీ అన్న ముక్క మాత్రం ఎవరూ రాయలేదు.

ఇదంతా టైపు చేసి పెదనాన్నగారికి విడిగా పంపాను. గ్రూపులో పెట్టడానికి మనసొప్పలేదు. సాయంత్రం ఫోను చేశారు. “కంపెనీ సంగతి సరేరా, పుట్టినరోజుల దగ్గర మాత్రం నువ్వు కూడా తేదీల్ని నమ్మేశావే” అన్నారు. ఆయన పింఛను కాగితాల్లో పుట్టిన తేదీ జూలై 1. బడిలో వేసేటప్పుడు అయ్యవారు రాసిన తేదీ అది, ఆయన తరగతిలో సగం మందికి అదే. మా నాయనమ్మ లెక్కలో మాత్రం ఆయన ముక్కోటి ఏకాదశి తెల్లవారుజామున, గుళ్ళో ఉత్తర ద్వారం తీసే వేళకు పుట్టారు. ఆ ఏడు ముక్కోటి ఏ ఇంగ్లీషు తేదీన వచ్చిందో పాత పంచాంగంలో చూసి పెట్టమన్నారు.