మైక్ నీడ కనిపిస్తే మీకొచ్చిన నష్టమేంటి?

నిన్న రాత్రి మా ఇంటికి నలుగురు భోజనానికి వచ్చారు. అందరి తిళ్ళూ అయ్యాక గిన్నెలు సింకులో పడేసి హాల్లోకి వచ్చేసరికి, మా ఆయన ఫ్రెండ్ ఒకాయన, నేను అన్నయ్యగారూ అని పిలిచే మనిషి, నేను పాజ్‌లో పెట్టి వెళ్ళిన పాత అమెరికన్ సీరియల్ డీవీడీని ప్లే చేసేసి, టీవీని ఫోన్లో వీడియో తీస్తూ పగలబడి నవ్వుతున్నారు. "ఏంటమ్మా ఇది, తలుపేస్తే గోడ ఊగుతోంది, పైనుంచి మైక్ దిగుతోంది, ఇదా నువ్వు రోజూ కూర్చుని చూసేది" అని. అక్కడితో ఆగారా, "ఇప్పుడు ఏఐ ఉంది కదా, ఆ మైకులు తీసేసి, గోడలు సరిచేసి, సాగదీసినవన్నీ కత్తిరిస్తే మొత్తం రెండు గంటల్లో తేలిపోతుంది" అన్నారు. ఇంటికొచ్చిన మనిషిని ఏమంటాం? లోపలికెళ్ళి పాయసం కప్పుల్లో పోశాను. చేతులు వణికాయి నిజంగా. రాత్రంతా నిద్ర లేదు, అందుకే పొద్దున్నే ఇక్కడ కక్కేస్తున్నా.

ఆ సీరియల్ పేరు డార్క్ షాడోస్. 1966 జూన్ 27 నుంచి 1971 ఏప్రిల్ 2 దాకా అమెరికాలో ఏబీసీ చానల్లో మధ్యాహ్నాలు, వారానికి ఐదు రోజులు వచ్చింది. 1225 ఎపిసోడ్లు. మెయిన్ అనే రాష్ట్రంలో కాలిన్స్‌పోర్ట్ అని కల్పించిన ఒక సముద్రపు ఊరు, కొండ మీద కాలిన్‌వుడ్ అనే పాత బంగ్లా, అందులో కాలిన్స్ కుటుంబం. వాళ్ళింట్లో ఒక పూర్వీకుడు గొలుసులు చుట్టిన శవపేటికలోంచి లేచొస్తాడు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన చుట్టాన్ని అని చెప్పుకుని ముందు గుమ్మంలోంచే ఇంట్లోకి వస్తాడు, ఆ హాల్లో గోడ మీద వేలాడుతున్నది తన బొమ్మే! బార్నబస్ కాలిన్స్. వాంపైర్. అమెరికా పిల్లలు బడి వదలగానే పుస్తకాల సంచితో ఇంటికి పరిగెత్తింది ఇతని కోసమే.

నాకెలా తగిలింది అంటే, 2000లో పెళ్ళయి ఒహాయోలో కొలంబస్‌కి వచ్చాను. హెచ్-4 వీసా, అంటే అక్కడ ఉద్యోగం చేసే మొగుడి వెంట వచ్చే భార్య వీసా. ఆ వీసా మీద అప్పట్లో వచ్చినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఎంసీఏ చదువుకుని ఉద్యోగం చెయ్యకూడదు, కారు రాదు, బయట మంచు, ఆయన పొద్దున వెళ్తే రాత్రికి రావడం, ఇండియాకి ఫోన్ చేయాలంటే కార్డు గీకి నిమిషాలు లెక్కపెట్టుకోవడం. అప్పుడు సై-ఫై చానల్లో ఇది మళ్ళీ వేసేవాళ్ళు. ఆ ఇంగ్లీషు నాకు మొదట సగమే అర్థమయ్యేది, కానీ ఆ సంగీతం మొదలై, రాళ్ళ మీద అలలు పగులుతుంటే ఆ గంటకి నేను ఒక్కదాన్ని కాదు అనిపించేది. ఆ ఊళ్ళో నాకు పరిచయమైన మొదటి కుటుంబం కాలిన్స్ వాళ్ళే.

2012లో మొత్తం సీరియల్ శవపేటిక ఆకారంలో చేసిన డబ్బాలో పెట్టి 131 డిస్కులుగా అమ్మారు. కొనుక్కున్నాను. ఆ ఏడాది అత్తగారు వచ్చి "ఇంట్లో ఆ పెట్టేంటే, దేవుడి గూటికి ఎదురుగా" అంటే పడగ్గదిలో బీరువాలోకి మార్చాను తప్ప పారెయ్యలేదు. ఈ చలికాలం మళ్ళీ మొదటి డిస్క్ నుంచి పెట్టాను, రోజుకి రెండు ఎపిసోడ్లు, వంట చేసుకుంటూ.

మరి ఆ మైకు సంగతి. అది 1960ల వీడియో టేపండి. దాన్ని ఎడిట్ చేయాలంటే నరకం, ఖర్చు. అందుకని పొద్దున రిహార్సల్ చేసుకుని అదే రోజు నాటకం ఆడినట్టు గడగడా ఆడేసేవాళ్ళు, అదే టేపు, అదే ఎపిసోడ్. కొంపలు మునిగితే తప్ప కట్ లేదు. డైలాగ్ మర్చిపోతే పక్కవాళ్ళు అందుకోవాలి. ఈగ వచ్చి ముక్కు మీద వాలితే వాలింది, మాట ఆపకూడదు. మన ఊళ్ళో పద్య నాటకంలో హార్మోనియం శృతి తప్పిందని కృష్ణుడు రాగం ఆపి దిగి వెళ్ళిపోతాడా? దాన్ని చూసి ఎవరైనా నవ్వారా? ఒన్స్‌మోర్ కొట్టారు. ఇక్కడ మాత్రం ఫోన్ తీసి వీడియో తీస్తారు.

అన్నయ్యగారు నవ్విన ఆ సీన్లోనే, ఆ మైకు నీడ పడ్డ అదే గోడ ముందు బార్నబస్ నిలబడి ఉన్నాడు. వేసిన నటుడు జోనథన్ ఫ్రిడ్, కెనడా మనిషి, నాటకాల్లోంచి వచ్చాడు, డైలాగులు గుర్తుండక కెమెరా పక్కనున్న టెలిప్రాంప్టర్ కేసి చూసేవాడు. మాట మధ్యలో ఆగిపోతాడు, కళ్ళు మన భుజం మీదుగా ఎటో వెళ్తాయి, పెదవి కొంచెం కదులుతుంది, అప్పుడు మాట వస్తుంది. వెతుక్కుంటున్నాడని నాకూ తెలుసు. కానీ ఆ పాత్ర నూట డెబ్భై ఏళ్ళు పెట్టెలో పడుకుని వచ్చిన మనిషి కదా, ప్రేమించిన జోసెట్ ఎప్పుడో చచ్చిపోయింది కదా, అలాంటివాడు మాట కోసం వెతుక్కోడా? ఆ తడబాటులోనే నాకు గొంతు పట్టేస్తుంది, ఎన్నిసార్లు చూసినా. కొన్నాళ్ళు ఉంచి చంపేద్దాం అనుకుని తెచ్చిన పాత్ర అది, ఆ చూపు వల్లే సీరియల్ మొత్తానికీ హీరో అయి కూర్చున్నాడు. ఇప్పుడు మీ ఏఐ వచ్చి ఆ తడబాటు తుడిచేస్తే మిగిలేది ఏంటి, కోటు వేసుకున్న బొమ్మా?

రెండు గంటల్లో తేల్చే ముచ్చట కూడా 2012లో సినిమాగా అయింది. పెద్ద డైరెక్టరు, పెద్ద హీరో, బోలెడు డబ్బు, బార్నబస్‌ని పట్టుకుని కామెడీ చేశారు. ఫ్రిడ్ అందులో చిన్న పాత్రలో కనిపించాడు, సినిమా రిలీజ్ అవ్వకముందే ఏప్రిల్లో చనిపోయాడు. నాకు ఆ సినిమా అంటే ఇప్పటికీ కోపమే.

అసలు అభిమానులమని చెప్పుకునేవాళ్ళు చేసే పని ఇంకా మండిస్తుంది. కొత్తవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడగ్గానే "210వ ఎపిసోడ్ నుంచి చూడు, ముందువి వేస్ట్" అంటారు. 210 చివర్లో విలీ లూమిస్ అనేవాడు బార్నబస్ పేటిక తెరుస్తాడు, లోపల్నుంచి చెయ్యి వచ్చి గొంతు పట్టుకుంటుంది, సరే, ఒప్పుకుంటా, దడుసుకున్నాను. డీవీడీలు వేసినవాళ్ళు కూడా ముందు అక్కడ్నుంచే మొదలుపెట్టారు, తొలి 209 ఎపిసోడ్లు తర్వాతెప్పుడో విడిగా వేశారు. ఆ 209లో ఏముందో తెలుసా? ఈ సీరియల్ సృష్టించిన డాన్ కర్టిస్‌కి వచ్చిన కలే ఉంది, రైల్లో ఒంటరిగా వెళ్తున్న అమ్మాయి, ఆ కలే ఈ సీరియల్. విక్టోరియా వింటర్స్, అనాథ, తల్లిదండ్రులెవరో తెలీదు, ఒక పిల్లాడికి చదువు చెప్పే ఉద్యోగానికి న్యూయార్క్ నుంచి ముక్కూ మొహం తెలియని ఊరికి రాత్రి రైల్లో దిగుతుంది. రంగులు కూడా లేవు, 1967 ఆగస్టు దాకా బ్లాక్ అండ్ వైటే. ఒక్క సూట్‌కేసుతో రాత్రిపూట తెలియని ఊళ్ళో దిగిన ఆడపిల్ల కథ వేస్టా? నేను కొలంబస్ ఎయిర్‌పోర్టులో ఎలా దిగానో నాకు గుర్తుంది. పైగా ఆ వేసిన అమ్మాయి గర్భవతయి 1968లో మానేస్తే, ఇంకో ఇద్దర్ని పెట్టి చూసి, విక్టోరియా పాత్రనే వదిలేశారు. ఆమె తల్లి ఎవరో ఆ 1225లో ఎక్కడా చెప్పలేదు. మొదటి రోజు వేసిన ప్రశ్న అండి అది!

సరే, ఇవన్నీ ఒక ఎత్తు. ఆ రోజుల్లో టేపు ఖరీదని చానళ్ళు పాతవి చెరిపేసి వాటి మీదే కొత్తవి తీసుకునేవి, ఎన్నో సీరియల్స్ అలా గాల్లో కలిసిపోయాయి. దీనివి దాదాపు అన్నీ దక్కాయి. కొన్నింటికి రంగుల టేపు పోయి, తెర మీది బొమ్మని ఫిల్మ్ కెమెరాతో పట్టిన బ్లాక్ అండ్ వైట్ కాపీయే మిగిలింది. ఒక్కటి, 1219, పూర్తిగా పోయింది. ఎవరో ఇంట్లో టీవీ ముందు రికార్డర్ పెట్టి మాటలు పట్టుకున్నారు కాబట్టి, ఆ మాటలకి వేరే ఎపిసోడ్ల బొమ్మలు అతికించి డీవీడీలో పెట్టారు. ఆ డిస్క్ పెట్టినప్పుడల్లా ఆ రికార్డర్ నొక్కిన చేతికి దణ్ణం పెట్టుకుంటాను.

ఎందుకంటే మా ఇంట్లో అలాంటి చెయ్యి పట్టిన టేపుకి ఏమైందో నాకు తెలుసు. మా నాన్న టూ-ఇన్-వన్‌లో మా అమ్మమ్మ పాటలు ఒక క్యాసెట్ నిండా పట్టారు. మేలుకొలుపులు, తిరగలి పాటలు, మా అమ్మ పురిటప్పటి లాలి, మధ్యలో దగ్గు, "ఆపరా అల్లుడూ, చాలు" అనడం, అన్నీ. నేను ఇంటర్‌లో ఉండగా ఒక వేసవిలో మా మావయ్య వచ్చి ఖాళీ క్యాసెట్ దొరక్క దాని మీద సినిమా పాటలు ఎక్కించాడు. అడిగితే ఏమన్నాడో తెలుసా, "పాతదేగా, ముసలావిడ గొణుగుడు, పైగా వెనకాల కుక్కర్ కూతలు". అమ్మమ్మ అప్పటికే పోయింది. అమ్మ ఆ పూట అన్నం తినలేదు, తమ్ముణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. నిన్న ఆ అన్నయ్యగారు గోడ ఊగుతోంది అన్నప్పుడు నాకు వినపడింది ఆ మావయ్య గొంతే.

ఆ క్యాసెట్ నా దగ్గరే ఉంది. రీలు వదులైతే పెన్సిల్ పెట్టి తిప్పుతాను. రెండో వైపు మావయ్య పాటలు అయిపోయాక ఒక టక్ మని చప్పుడు, దాని తర్వాత ఓ మూడు నిమిషాలు అమ్మమ్మ మిగిలింది, లాలి చివరి చరణం, వెనకాల కుక్కర్ కూత.