ఎనిమిది దాటితే గానీ నోట పెట్టరాని చాక్లెట్టు

చాక్లెట్లలోనూ కులీనులున్నారన్న సంగతి మన చరిత్ర పుస్తకాల్లో లేదు. రాజవంశాల పుట్టుపూర్వోత్తరాలు, యుద్ధాల తేదీలు బట్టీ పట్టించిన మాస్టార్లెవరూ భోజనం అయ్యాక నోట్లో వేసుకునే పలకకి కూడా వంశవృక్షం ఉంటుందని చెప్పలేదు. విద్యావ్యవస్థలోని ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. అధ్యయనాంశం పేరు ఆఫ్టర్ ఎయిట్. ముదురాకుపచ్చ పెట్టె, దాని మీద రాజమందిరంలో ఉండే తరహా గడియారం, లోపల వరుసగా నిలబెట్టిన నల్లటి చిన్న కాగితం కవర్లు, ఒక్కో కవర్లో పల్చటి చదరపు చాక్లెట్టు, దాని కడుపులో చల్లగా తగిలే పిప్పరమెంటు పాకం. కిరాణా కొట్లో చిల్లర లేదని చేతిలో పెట్టే పిప్పరమెంటు బిళ్ళకి ఇది విలాయతిలో స్థిరపడ్డ పెదనాన్న వరస. చుట్టరికం ఉందని ఒప్పుకోదు.

ముందు కాలనియమం. పెట్టె మీది పేరే ఆజ్ఞ, రాత్రి ఎనిమిది దాటాలి. ఏడూ నలభై అయిదుకి తింటే ఏమవుతుందో ఎక్కడా రాయలేదు. రాయకపోవడంలోనే భయమంతా ఉంది. మందులకి వేళ ఉంది, ముహూర్తానికి వేళ ఉంది, రాహుకాలం సరే సరి. మిఠాయికి వేళ పెట్టి, ఆ వేళనే పేరుగా అమ్మి, జనం చేత గడియారం చూపించిన ఘనత మాత్రం ఇంగ్లండులోని యార్క్ నగరానికి దక్కుతుంది. సంవత్సరం 1962, కంపెనీ రౌన్‌ట్రీ. కిట్‌క్యాట్ ఈ ఇంటి బిడ్డే. నడుమ చిల్లుతో పుట్టిన పోలో కూడా ఈ ఇంటిదే. బస్సులో చప్పరించేవాళ్ళకి చిల్లున్న పిప్పరమెంటు, బల్ల దగ్గర కూర్చునేవాళ్ళకి గడియారమున్న పిప్పరమెంటు. ఒకే కప్పు కింద వర్ణవ్యవస్థ ఇంత చక్కగా నడిచిన ఇల్లు నాకైతే ఇంకోటి తెలియదు.

ఆ ఇంటివాళ్ళెవరో తెలిస్తే ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది. రౌన్‌ట్రీలు క్వేకర్లు. ఆడంబరం పనికిరాదనీ మనుషులంతా సమానమనీ నమ్మే క్రైస్తవ శాఖ అది. పూర్వం ఆ శాఖవాళ్ళు ఎంతటి ప్రభువు ఎదురొచ్చినా నెత్తి మీద టోపీ తీసేవారు కాదు, ఆ పొగరుకి జైళ్ళకి కూడా వెళ్ళారు. హెన్రీ ఐజక్ రౌన్‌ట్రీ 1862లో యార్క్‌లో కోకో వ్యాపారం కొన్నాడు. కొన్నాళ్ళకి అన్న జోసెఫ్ వచ్చి కలిశాడు. సారా మానిపించాలంటే దాని బదులు తాగడానికి ఇంకేదో ఉండాలి కదా, కోకో ఉందన్నది అప్పటి క్వేకర్ల లెక్క. జోసెఫ్‌గారు పనివాళ్ళూ తక్కువ జీతగాళ్ళూ బతకడానికి ఊరి పక్కన ఒక పల్లెనే కట్టించాడు. అందులో పబ్బు లేదు. సరిగ్గా నూరేళ్ళకి, 1962లో, టోపీ తీయనివాళ్ళ కంపెనీయే ప్రభువుల విందు చివర్లో వడ్డించే చాక్లెట్టు మార్కెట్లో పెట్టింది.

జోసెఫ్ కొడుకు సీబోమ్ రౌన్‌ట్రీ దగ్గర కాస్త ఆగాలి. ఈ వంశచరిత్రలో అసలు గమ్మత్తంతా ఆయన దగ్గరే ఉంది. ఆయన యార్క్‌లో ఇల్లిల్లూ తిరిగించి లెక్కలు తీయించి, 1901లో ఆ ఊరి పేదరికం మీద పుస్తకం అచ్చువేశాడు. జనాభాలో 27.84 శాతం పేదలని తేల్చాడు. దశాంశం తర్వాత రెండంకెలు ఎందుకంటారా, ఆ రెండంకెల్లోనూ మనుషులున్నారు. ఒంట్లో సత్తువ నిలబడటానికి మాత్రమే సరిపోయే ఆదాయం ఎంతో లెక్కకట్టి, ఆ గీత మీద బతికే కుటుంబం ఏమేం మానుకోవాలో వరసగా రాశాడు. రైలెక్కకూడదు, బస్సెక్కకూడదు. అర్ధపెన్నీ పేపరు కొనకూడదు. దూరాన ఉన్న పిల్లలకి ఉత్తరం రాయకూడదు, స్టాంపు ఖర్చు. తండ్రి పొగాకు ముట్టకూడదు, బీరు తాగకూడదు. పిల్లల చేతిలో బొమ్మలకీ గోళీలకీ మిఠాయిలకీ ఒక్క పైసా పెట్టకూడదు.

ఇది ఆయన పేదలకిచ్చిన సలహా కాదు. ఆ గీత ఎంత కిందుందో ఉన్నవాళ్ళకి తెలియాలని రాసిన మాట. రాసిందెవరు? మిఠాయి ఫ్యాక్టరీ వారసుడు. ఇక్కడి వ్యంగ్యమంతా ఆయనే వాడేసుకున్నాడు, నాకేం మిగల్లేదు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. బ్రిటన్‌లో 1942 నుంచి మిఠాయికి కూడా రేషన్ పెట్టారు. యుద్ధం ముగిసి ఎనిమిదేళ్ళు కావొస్తున్నా పూర్తిగా ఎత్తెయ్యలేదు, 1953 ఫిబ్రవరిలో గానీ పిల్లలకి విముక్తి రాలేదు. ఆ మరుసటి ఏడాది పదిహేనేళ్ళ బ్రయన్ సాలిట్ అనే కుర్రాడు రౌన్‌ట్రీలో పనికి చేరాడు. ఆఫ్టర్ ఎయిట్ ఆయన చేతి చలవే అంటారు. కులీన చాక్లెట్టుకి ప్రాణం పోసింది ఏ డ్యూకూ కాదు, ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటూ పైకొచ్చిన మనిషి. ఈ సంగతి పెట్టె మీద వెయ్యలేదు, గడియారం వేశారు.

ఆయన ముందున్న చిక్కు చిన్నదేం కాదు. లోపలి పాకం పల్చగా ఉంటేనే నోట్లో పడగానే జారుతుంది. కానీ పల్చటి పాకం చుట్టూ చాక్లెట్టు పూత ఎలా పుయ్యడం? దానికి విరుగుడు ఇన్‌వర్టేజ్ అనే ఎంజైము. పంచదార ముద్దని గట్టిగానే చేసి, అందులో ఈ ఎంజైము కలిపి, పైన పూత పోసేస్తారు. ఆ తర్వాత ఎంజైము చీకట్లో కూర్చుని చక్కెరని గ్లూకోజుగా ఫ్రక్టోజుగా విడగొడుతూ ఉంటుంది, గట్టి ముద్ద మెల్లగా మెత్తబడి పాకమవుతుంది. ఇందుకు మూడు రోజుల పైనే పడుతుంది. కలిపిన రోజున ఆవకాయ ఆవకాయ కాదనీ, మూడో నాడు తిరగ్గలిపాకే అవుతుందనీ మన అమ్మమ్మలు ఏ డిగ్రీ లేకుండా చెప్పిన సిద్ధాంతమే ఇది. తేడా అల్లా ఒక్కటే. ఆవకాయ జాడీ మీద గడియారం బొమ్మ వేసి అమ్మాలని ఎవరికీ తోచలేదు.

ఇక అమ్మకం. ఈ చాక్లెట్టు ప్రకటనల్లో సాయంకాలపు సూట్లు వేసుకున్న దొరలు, ముత్యాల దండల దొరసానులు, పొడుగాటి బల్ల, కొవ్వొత్తుల వెలుగు. అందరూ ఎవరి గురించో మెల్లగా నవ్వుకుంటూ, నల్ల కవర్లోంచి రెండు వేళ్ళతో చాక్లెట్టు బయటికి లాగుతుంటారు. గిన్నెలు ఎవరు తోముతారన్న టెన్షన్ ఆ మొహాల్లో మచ్చుకైనా ఉండదు. కొనేవాళ్ళు మాత్రం అచ్చంగా ఆ టెన్షన్ ఉన్నవాళ్ళే. వాయిదాల మీద ఇల్లు కొనుక్కుని, తొలిసారి ఆఫీసు మేనేజరుని భార్యతో సహా భోజనానికి పిలిచి, వంటా తామే చేసి, వడ్డనా తామే చేసి, చివర్లో ఏం పెట్టాలో తెలియక చెమటలు పట్టిన జనం. వాళ్ళకి చాక్లెట్టు కావాలని కాదు. తాము పుట్టినప్పటి నుంచీ ఇలాగే తింటున్నామని అనిపించే వస్తువు కావాలి. ఆ పని కవరు చేసింది. చాక్లెట్టుకి విడిగా కవరుందంటే ఎక్కడో దానికి పోస్టాఫీసు, బట్లరు, వెండి పళ్ళెం ఉన్నట్టే కదా!

తండ్రుల తరం మిఠాయి కొనలేనివాళ్ళు ఎందరో లెక్క తీసింది. తర్వాతి తరం మిఠాయి తిని దొరల్లా కనబడాలనుకునేవాళ్ళు ఎందరో లెక్క తీసింది. నాకు రెండో లెక్కే మరింత కచ్చితంగా వచ్చిందనిపిస్తుంది, దశాంశాలతో పనిలేకుండా.

అయినా పరిశోధకుడన్నవాడు ప్రకటనని కూడా నమ్మి చూడాలి. ఇది నిజంగా ప్రభువులే తినే చాక్లెట్టు అనుకుందాం. ఏడాదికి సుమారు వంద కోట్లు తయారవుతాయని చెబుతారు. బ్రిటన్‌లో వంశపారంపర్య ప్రభువుల బిరుదులు 800 చిల్లర. భాగించి చూస్తే ఒక్కో ప్రభువు వాటాకి ఏడాదికి 12 లక్షల పైచిలుకు, అంటే రోజుకి దాదాపు 3,400. అదీ రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టి అర్ధరాత్రి లోపు ముగించాలంటే గంటకి 850. బ్రిటిష్ కులీనవర్గం ఎందుకు క్షీణించిందో చరిత్రకారులు పెద్దపెద్ద గ్రంథాలు రాశారు. వాళ్ళ దంతవైద్యుల చీటీలు తిరగేసిన పాపాన పోలేదు.

1970లో తయారీని క్యాజిల్‌ఫర్డ్‌కి తరలించారు. అది బొగ్గు గనుల ఊరు. కొవ్వొత్తుల వెలుగులో తినే చాక్లెట్టు అక్కడ షిఫ్టుల్లో తయారైంది. రాత్రి షిఫ్టు మనిషికి ఎనిమిది తర్వాత అంటే పని మొదలన్నమాట, కాఫీ కాదు. 1988లో రౌన్‌ట్రీని స్విట్జర్లాండుకి చెందిన నెస్లే సుమారు 250 కోట్ల పౌండ్లకి కొనేసింది. యార్క్ జనం ఊరేగింపులు తీశారు, గోల చేశారు, జరిగేది జరిగిపోయింది. నేను మాత్రం ఇందులో న్యాయం ఉందనే అంటాను. గడియారం బొమ్మతో అమ్ముడయ్యే చాక్లెట్టు చివరికి గడియారాల దేశానికి చేరకుండా ఎక్కడికి పోతుంది? 2012లో క్యాజిల్‌ఫర్డ్ ఫ్యాక్టరీ మూతపడి తయారీ హాలిఫ్యాక్స్‌కి వెళ్ళింది. ప్రకటనల్లోని దొరలెవరూ ఈ విషయం బల్ల దగ్గర ప్రస్తావించినట్టు లేదు.

కాలక్రమంలో ఈ కులీనుడికి రెండు అవమానాలు జరిగాయి. ఒకటి ఆట. తల వెనక్కి వాల్చి, నుదుటి మీద ఆఫ్టర్ ఎయిట్ పెట్టుకుని, చేతులు వాడకుండా మొహం వంకర్లు తిప్పుతూ దాన్ని నోటిదాకా దించుకోవాలి. పార్టీల్లో పెద్దవాళ్ళు కూడా ఆడతారు. కనుబొమ దగ్గర కరిగి, ముక్కు పక్కనుంచి జారి, గడ్డం దగ్గర చిక్కుకున్న ఆభిజాత్యాన్ని చూస్తే సీబోమ్‌గారు తప్పకుండా ఇంకో అధ్యాయం రాసేవాడు.

రెండోది ఖాళీ కవర్ల కుట్ర. చాక్లెట్టు తిన్నవాడు కవరు పారెయ్యడు, ఉన్నచోటే తిరిగి దూరుస్తాడు. పెట్టె పైకి నిండుగానే ఉంటుంది. తర్వాత చెయ్యి పెట్టినవాడికి ఒకటి ఖాళీ, రెండు ఖాళీ, మూడు ఖాళీ. అదేపనిగా వెతికితే ఆశపోతు అనిపించుకోవాలి, వెతక్కపోతే ఉత్త కాఫీతో లేవాలి. మనిషి నిజస్వభావం బయటపెట్టే పరీక్షగా దీన్ని ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఎందుకు పెట్టరో అర్థం కాదు.

ఈ కుట్ర సూట్‌కేసుల్లో మన దాకా వచ్చింది. లండన్‌లో ఉన్న కొడుకో కూతురో తెచ్చిన ఆకుపచ్చ పెట్టె హైదరాబాదులోనో గుంటూరులోనో నేరుగా ఫ్రిజ్ పై అరలోకి వెళుతుంది. రాత్రి ఎనిమిదికి మన ఇళ్ళల్లో కుక్కర్ మొదటి విజిల్ కూడా వేసి ఉండదు, కాబట్టి కాలనియమం మొదటిరోజే రద్దు. వక్కపొడి, సోంపు, కిళ్ళీ ఉన్న దేశంలో భోజనానంతర పదవి కూడా ఖాళీ లేదు. అందుకని ఆ పెట్టెకి వేరే హోదా ఇస్తాం, వచ్చినవాళ్ళకి చూపించే హోదా. పిల్లలు మధ్యాహ్నం మూడింటికి ఒక్కొక్కటే లాగేసి కవర్లు పద్ధతిగా సర్దేస్తారు. ఆర్నెల్ల తర్వాత వియ్యాలవారు వచ్చినప్పుడు ఆ పెట్టె వెండి పళ్ళెంలో ఎక్కి హాల్లోకి వస్తుంది.

"ఇందులో ఏం లేదేమో వదినగారూ" అంటుంది వియ్యపురాలు, నాలుగో కవరు తడిమాక.

"ఉంటాయండీ, లండన్‌వి కదా, బాగా పల్చగా ఉంటాయి" అంటుంది ఇల్లాలు.