అప్పు చేసి దశమభాగం

మా శ్రీకాకుళం జిల్లా క్రైస్తవులకు డబ్బు దగ్గర క్రమశిక్షణ లేదని ఒక అపవాదు ఉంది. దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. జీతం పడిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం దశమభాగం, అంటే రాబడిలో దేవుడికిచ్చే పదో వంతు, కవరులో పెట్టి, కవరు మీద పేరు రాసి, చర్చిలో కానుకల సంచిలో వేసి, సోమవారం పొద్దున్నే పెట్రోలుకి పక్కింటాయన దగ్గర ఐదు వందలు చేబదులు అడగాలంటే ఎంత క్రమశిక్షణ కావాలి? అది లేనివాడు ఆదివారమే అడిగేస్తాడు.

పోనీ వాక్యం తెలియదా అంటే, అదీ కాదు. ఆకాశపు వాకిండ్లు విప్పి పట్టజాలనంత దీవెన కుమ్మరిస్తానన్న మలాకీ 3:10 సండే స్కూలు పిల్లలకి కూడా కంఠతా వస్తుంది. అదే బైబిల్లో సామెతలు 22:7 కూడా ఉంది. అప్పు చేయువాడు అప్పిచ్చినవానికి దాసుడట. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి వాగ్దాన కార్డులు, అంటే రాబోయే ఏడాదికి తలా ఒక బైబిలు వాక్యం అచ్చేసినవి, తీస్తాం కదా, ఈ అప్పు వాక్యం ఉన్న కార్డు వచ్చినవాళ్లని నేనింతవరకు చూడలేదు. అచ్చు వేయించేవాళ్లు మాత్రం ఏం చేస్తారు, కొత్త సంవత్సరం పూట ఎవరి మనసు కష్టపెడతారు?

దశమభాగం ఇవ్వొద్దని నేననడం లేదు. ఆ మాట అనాలంటే వేరే జిల్లాలో పుట్టి ఉండాలి. నా సందేహం అల్లా మిగతా తొమ్మిది భాగాల గురించే. పదోది దేవుడిదని నేర్పిన సంఘం ఈ తొమ్మిదీ ఎవరివో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోయినా మాకు తెలుసు, ఫైనాన్స్ కంపెనీవి.

నమ్మకపోతే ఏడు రోడ్ల జంక్షన్‌లో ఓ పావుగంట నిలబడండి. ఆటోల వెనక, బైకుల ట్యాంకుల మీద ‘యేసయ్య ఇచ్చిన బహుమానం’ అని అందమైన అక్షరాలు కనిపిస్తాయి. ఆర్‌సీ కార్డు తిప్పి చూస్తే బహుమానం ఇచ్చినవారి పేరు ఇంకోటి ఉంటుంది. మూడు వాయిదాలు తప్పాక రికవరీ కుర్రాళ్లు బండి పట్టుకుపోయిన రోజున ఆ ఇంట్లో, ఉన్నదంతా పోగొట్టుకున్న భక్తుడు యోబు గ్రంథం తీస్తారు. యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను. పాపం, యోబు ఒంటెలకి ఈఎంఐలు లేవు.

ఇక ‘ఒకని భారముల నొకడు భరించి’ అని పౌలు గలతీయులకి రాసిన మాటని ఇప్పుడు అక్షరాలా పాటిస్తున్నది మా సంఘం కాదు, గ్రూపు లోన్లవాళ్లు. పొద్దున్న ఏడింటికి వీధి అరుగు ముందు ప్లాస్టిక్ చాప పరుస్తారు. వాయిదా వసూలు చేసే కుర్రాడు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. ఆడవాళ్లు పాసుపుస్తకంలో నోట్లు మడిచి తెస్తారు. ఒకామె తేలేదనుకోండి, మిగతావాళ్లు కొంగుముడులు విప్పి తలా కాస్త వేస్తారు. లెక్క పూర్తయ్యేదాకా ఎవరూ లేవరు. ఇంత నిలకడ నేను ఉపవాస ప్రార్థనలో కూడా చూడలేదు. డబ్బు తేని ఆమెని ఆ తర్వాత రెండు వారాలు ఎవరూ పలకరించరనుకోండి, అది వేరే విషయం.

ఈ సేవకి రిజర్వు బ్యాంకు హద్దు కూడా గీసింది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా అప్పిస్తే, ఆ ఇంటి అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల రాబడిలో సగం దాటకూడదని 2022 ఏప్రిల్ నుంచి నియమం. దేవుడు పదో వంతుతో ఆగిపోయాడు, రిజర్వు బ్యాంకు సగం దాకా వెళ్లనిచ్చింది. ఇద్దరికీ ఇచ్చాక మిగిలే నాలుగు పదో వంతులతో బియ్యం, ఫీజులు, కరెంటు, క్రిస్మస్.

మోషే ధర్మశాస్త్రానికి అప్పులవాళ్లంటే జాలి ఎక్కువ. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ప్రకారం ఏడేళ్లకోసారి తోటివాడి బాకీ వదిలేయాలి. మన చట్టానికి ఇంకా తొందర, ప్రామిసరీ నోటుకి మూడేళ్లకే కాలదోషం పట్టిస్తుంది, ఆ తర్వాత దాని మీద దావా చెల్లదు. మరి బాకీలు ఎందుకు పోవడం లేదంటారా? మూడేళ్లు నిండడానికి వారం ముందు, దీపాలు పెట్టే వేళకి, అప్పిచ్చినాయన గుమ్మంలోకి వస్తాడు. కుర్చీ వేస్తాం, టీ ఇస్తాం. పిల్లల చదువులు అడుగుతాడు. “ఏటి మేస్టారూ, నోటు కాలం అయిపోతంది. తిరగరాసీండి మరి” అంటాడు. అచ్చు కాగితం ఆయన జేబులోంచే వస్తుంది, రెవెన్యూ స్టాంపు కూడా. స్టాంపు తడిపి అంటించేదీ ఆయనే. మేస్టారి వంతు దాని మీదుగా సంతకం గీకడమే.

నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, 50,000 తీసుకుని పైసా కట్టలేకపోతే మూడేళ్లకి వడ్డీ 36,000. కొత్త నోటు 86,000కి. దాని మీద ఇంకో మూడేళ్లకి వడ్డీ 61,920. మూడో నోటు 1,47,920కి. ఆరేళ్లు నిండి ఏడో ఏడు వచ్చింది, మోషే వదిలేయమన్న ఏడు. అప్పిచ్చినాయన మన సంఘస్తుడే అయితే, ఆ ఆదివారం ఇద్దరూ ఒకే వరసలో నిలబడి ప్రభువు ప్రార్థన చెబుతారు. ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము’ దగ్గరికి రాగానే మేస్టారి గొంతు పెరుగుతుంది. అప్పిచ్చినాయనకి సరిగ్గా అక్కడే దగ్గు వస్తుంది.

రెండవ రాజుల గ్రంథంలో ఎలీషా దగ్గరికి ఒక విధవరాలు వచ్చింది. అప్పులవాడు ఇద్దరు కొడుకుల్నీ దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఇంట్లో ఉన్నది నూనె కుండ ఒక్కటే. తలుపు మూసుకుని పాత్రల్లో పొయ్యమన్నాడు ప్రవక్త. నూనె వచ్చాక ఏమన్నాడు? అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి అన్నాడు. అంతే. తన సేవకి కానుక మాట ఎత్తలేదు, కృతజ్ఞత కూడిక పెట్టమనలేదు. మా వీధిలో అయితే నూనె పొంగిన సాయంత్రానికే షామియానా, మైకు, మూడు వందల మందికి బిర్యానీ. బిర్యానీకి మళ్లీ అప్పు.

ఈమధ్య మా యూత్ కుర్రాళ్లు అమెరికా పద్ధతి ఒకటి పట్టుకొచ్చారు. డేవ్ రామ్సే అని, అక్కడి క్రైస్తవులకి అప్పుల నుంచి బయటపడడం నేర్పుతాడు. ముందు అవసరానికి వెయ్యి డాలర్లు పక్కన పెట్టుకోవాలట. తర్వాత, వడ్డీ ఎంతన్నది చూడకుండా, అన్నిటికన్నా చిన్న అప్పు ముందు తీర్చెయ్యాలి. ఒకటి తీరిన ధైర్యంతో రెండోదాని మీద పడాలి. లెక్కల ప్రకారం ఎక్కువ వడ్డీది ముందు తీర్చడమే లాభం, కానీ మనిషిని నడిపేది ధైర్యం కదా. బాగుందని మేస్టారు కూడా ఒప్పుకున్నారు. ఆయన అప్పుల్లో చిన్నది కిరాణా కొట్టు ఖాతా. నెలాఖరున వెళ్లి మొత్తం కట్టేసి, పుస్తకంలో గీత కొట్టించారు. కొట్టాయన మొహం మాడిపోయింది. “ఏటి మేస్టారూ, మావల్ల ఏటైనా తప్పయిందేటి? కొట్టు మార్చీసారా?” అన్నాడు. ఆ నొచ్చుకోవడం చూడలేక మేస్టారు అప్పటికప్పుడు రెండు కేజీల కందిపప్పు ఖాతాలో రాయించుకుని వచ్చారు.

ఆత్మ ఫలాలు, అంటే దేవుని ఆత్మ మనిషిలో పండించే మంచి గుణాలు, తొమ్మిదింటిలో ఆశానిగ్రహాన్ని పౌలు ఎందుకు ఆఖర్న పెట్టాడో ఆ రోజు నాకు తెలిసింది.

అయినా ఊరుకోలేక మా సంఘ కమిటీకి ఒక అర్జీ పెట్టాను. లోను శాంక్షనయిందని ముందుకొచ్చి సాక్ష్యం చెప్పేవాళ్లు నెలకొకరైనా ఉంటారు, తీరిందని చెప్పేవాళ్లే లేరు. కాబట్టి అప్పు తీర్చినవాళ్లు చింపిన నోటు పట్టుకుని సాక్ష్యం చెప్పేలా నెలకో ఆదివారం కేటాయించాలి. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు సంఘంలో ఉన్నారు, సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చుని కుటుంబాలు తమ బాకీలన్నీ ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఇంతే అడిగాను.

కోశాధికారి గారు అభ్యంతరం చెప్పారు. ఎవరి బాకీలు వాళ్ల గుట్టు, బయటపెడితే సంఘంలో విశ్వాసం తగ్గిపోతుందన్నారు. కమిటీ తల ఊపింది. మీటింగయ్యాక పాస్టరు గారు నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్లి అసలు సంగతి చెప్పారు. చర్చి ప్రహరీ గోడకి తెచ్చిన డబ్బు కోశాధికారి గారిదేనట. “దేవుడి పని కదా అని మనకి రూపాయిన్నర వడ్డీకే ఇచ్చారండీ” అన్నారు, కృతజ్ఞతతో.

మార్చితో ఆ నోటుకి మూడేళ్లు నిండుతాయి. తిరగరాసేటప్పుడు సాక్షి సంతకానికి నన్ను రమ్మన్నారు.